మురుగు కుంటల ప్లాను, పన్నెండు జెండాలు

నాకు ఇరవై నాలుగో ఏట మురుగు నీటి మీద మోజు పుట్టింది. ఈ మాట పెళ్లిచూపుల్లో మాత్రం అనొద్దని మా అమ్మ అప్పట్లో ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు చెప్పడానికి భయమేముంది? పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి సిరిసిల్ల మున్సిపాలిటీలో ఓవర్సీర్‌గా చేరాను. నాతో చదివినవాళ్లకు డ్యాముల మీద, కాలువల మీద పని దొరికితే నాకు మోరీలు దొరికాయి. మొదట్లో ఏడుపొచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి ఆ ఏడుపు ఎటు పోయిందో తెలియదు. ఊరంతా రోజూ పారబోసే నీళ్లు ఎవరూ తొయ్యకుండా, ఎవరూ లాగకుండా తమంతట తామే ఒక దిక్కుకు నడిచిపోతుంటే చూడటం నాకు తమాషాగా ఉండేది. 'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు' అని చిన్నప్పటినుంచీ విన్నదే. ఆ పల్లాన్ని అంగుళాల్లో కొలిచే పని నాదయ్యేసరికి తలకెక్కింది. పెళ్లి భోజనాల దగ్గర చెయ్యి కడుక్కుని, ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ అక్కడే నిలబడేవాణ్ని. వెనకున్నవాళ్లు తిట్టేవాళ్లు.

ఊరి మోరీలన్నీ కలిసి మానేరు వైపు పోయే దారిలో, ఊరు దాటాక రెండు పెద్ద కుంటలుండేవి. మురుగు అందులో నిలిచి, ఎండకూ గాలికీ తేరుకుని, పైనీళ్లు మాత్రం బయటికి పోవాలని ఎన్నడో తవ్వించినవి. తవ్వించిన నాడు ఊళ్లో ఉన్నవి చేతిమగ్గాలు. ఆ తరవాత సాంచాలొచ్చాయి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. సాంచాల వెంట నూలుకు రంగులద్దే కార్ఖానాలొచ్చాయి. ఊరు పెరిగింది, కుంటలు పెరగలేదు. నిలవాల్సిన నీళ్లు నిలవకుండా ఇటునుంచి వచ్చి అటునుంచి పోయేవి. ఊళ్లో ఆ రోజు ఏ రంగు అద్దుతున్నారో కుంటను చూసి చెప్పొచ్చు.

కుంటల కింద పన్నెండిళ్ల వాడ ఒకటి ఉండేది. మగవాళ్లలో చాలామంది తాళ్లెక్కి కల్లు గీసేవాళ్లు, ఆడవాళ్లందరూ బీడీలు చేసేవాళ్లు. కుంటల్లోంచి బయటపడే నీళ్ల కాలువ వాళ్ల మంచినీళ్ల బావి పక్కనుంచే పోయేది. మట్టి కాలువ కాబట్టి ఊట బావిలోకి దిగేది. ఆ వాడనుంచి ఒకామె ప్రతి సోమవారం మా ఆఫీసుకు వచ్చేది. నలభై ఏళ్లుంటాయేమో. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన వేళ్లు ఊరికే ఉండేవి కావు, నిలబడి మాట్లాడుతున్నా కొంగు అంచును చుడుతూనే ఉండేవి. ఆమె చేతిలో బావి నీళ్ల సీసా ఒకటి ఉండేది. దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టేది. ఆఫీసులో ఆమెకు సీసా అక్క అనే పేరు పడింది.

"ఇయ్యాల నీలి అచ్చింది సారూ. పోయిన వారం గులాబి. మేమేమన్న బతుకమ్మ పేరుస్తున్నమా, వారానికో రంగు పంపుతున్నరు?"

"చూద్దాం అక్కా."

"సూసుడేనా మీ నౌకరి?"

ఆ మాటకు నాకు రోషం వచ్చేది. ఆమె మీద కాదు, చూడటం తప్ప ఇంకేమీ చెయ్యలేని నా మీద. వాడ ఆడవాళ్లు తాగే నీళ్ల కోసం పొద్దున్నే మైలు దూరంలోని పొలం బావికి పోతుంటే, రోడ్డు మీద ఎదురైనప్పుడు సైకిలు దిగి పక్కకు చూసేవాణ్ని.

అలాంటి రోజుల్లో మా ఇంజనీరు సారు నన్ను పిలిచాడు. జగిత్యాల మనిషి, ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ అన్నాడు.

"పిలగా, మురుగు కుంటలకు కొత్త ప్లాను పంపుమంటున్నరు పైనుంచి. నెలాఖరు లోపల పోవాలె. పోకపోతె మల్ల ఎన్నడడుగుతరో దేవునికెరుక. జేస్తవా?"

చేస్తానన్నానో, అరిచానో గుర్తు లేదు. ఆయన చాయ్ మాత్రం చొక్కా మీద ఒలికింది.

ప్లాను వెయ్యాలంటే నేల ఎత్తుపల్లాలు తెలియాలి. దానికి లెవెల్ మిషన్ కావాలి. మూడు కాళ్ల స్టాండు మీద పెట్టిన దుర్బీను లాంటి గొట్టం అది. అందులోంచి చూస్తే దూరాన పట్టుకున్న కొలకర్ర మీది అంకె కనబడుతుంది. ఇక్కడి అంకెకూ అక్కడి అంకెకూ ఉన్న తేడాయే నేల వాలు. పాతకాలపు మిషన్ కాబట్టి అందులో లోకమంతా తలకిందులుగా కనబడేది. జగిత్యాల ఆఫీసులో ఒకటి ఖాళీగా ఉందంటే శనివారం పోయి సంతకం పెట్టి తెచ్చుకున్నాను. ఆదివారం కోరుట్లలో మా ఇంటికి దాన్ని మోసుకుపోయాను. పెళ్లికూతురిని తెచ్చినంత సంబరం నాది.

"ఏందిరా గిది?" అంది అమ్మ.

"మోరీ నీళ్లు ఎటు వోతయో కొలిచేది."

"గట్లయితె బయట్నే ఉండనియ్యి."

అరుగు మీదే ఉంచింది. సాయంత్రం చూస్తే పెట్టె మీద పసుపు, కుంకుమ బొట్టు ఉన్నాయి. అదేందమ్మా అంటే, "ఎట్లున్నా నీకు అన్నం పెట్టేది గద" అంది.

ఆ వారం కోరుట్లనుంచి సిరిసిల్లకు రుద్రంగి మీదుగా పోయే బస్సులు బంద్. అన్నలు, అంటే నక్సలైట్లు, పిలుపిచ్చారనో, పోలీసులు ఆపారనో, ఎవరిని అడిగినా ఒక్కో మాట చెప్పారు. అందుకని జగిత్యాల మీదుగా చుట్టు తిరిగి పోయాను. కొండగట్టు దగ్గర పోలీసులు బస్సు ఆపి నా పెట్టెను కిందికి దింపారు. పొడుగు గొట్టం, ఇనుప కాళ్లు. ఆ రోజుల్లో అది దేనిలా కనబడుతుందో వేరే చెప్పాలా?

"గిదేంది?"

"నేల వాలు చూసేది సార్."

"నేల వాలు నీకెందుకు?"

"మోరీ నీళ్ల కోసం సార్."

నమ్మలేదు. రోడ్డు పక్కన స్టాండు నిలబెట్టి గొట్టం బిగించి చూపించాను. కానిస్టేబుల్ ఒకాయన తుపాకీ భుజానికి వేసుకుని, ఒక కన్ను మూసి చూశాడు. చూసి ఎగిరిపడ్డాడు. "అరె! గుట్ట కిందిమీదైంది! అంజన్న గుడి యాలాడుతున్నది!" అన్నాడు. ఇక మిగతా నలుగురూ వరస కట్టారు. డ్రైవరు కూడా దిగొచ్చి చూశాడు. ఆఖరికి ఆ కానిస్టేబులే పెట్టెను జాగ్రత్తగా బస్సెక్కించి, కుంకుమ బొట్టుకు దండం పెట్టి మమ్మల్ని వదిలేశాడు.

కొలతలు మొదలుపెట్టాం. నాకు తోడు చైన్‌మన్. కొలగొలుసు లాగే పని, కొలకర్ర పట్టుకుని నిలబడే పని అతనిది. యాభై దాటిన మనిషి, మాట పొదుపు. నాలుగు రోజులు కుంటల చుట్టూ తిరిగాం. దక్షిణాన ఉన్నది దొర భూమి. దొర గడీకి తాళం వేసి పట్నం పోయి చాలా ఏళ్లు. అన్నల భయానికి దొర రాడు, దొర భయానికి ఇంకొకరు దున్నరు. నడుమ, ఆ పన్నెండిళ్ల వాడకు ఎదురుగానే, భూమి పడావు పడి, సర్కారు తుమ్మ మొలిచి ఉండేది. ఐదో రోజు ఆ తుమ్మల మధ్య నుంచి లెవెల్ పెట్టి అంకెలు రాసుకుంటున్నాను. ప్రతి యాభై అడుగులకూ నేల నాకు కావలసినంతే దిగుతోంది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇక్కడ ఆరు కొత్త కుంటలు తవ్వితే నీళ్లు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తమంతట తామే నడుస్తాయి. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు! పరుగెత్తుకుంటూ పోయి చైన్‌మన్‌ను కావలించుకున్నాను.

"ఏమైంది సారూ, పాము గిట్ల కనవడ్డదా?" అన్నాడు పాపం.

రెండు రోజుల్లో ప్లాను గీశాను. వరసకు మూడు చొప్పున రెండు వరసలు, ఆరు కుంటలు, అన్నీ ఒకే కొలత. మా ఇంజనీరు సారు చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు. ఎల్లుండి పై ఆఫీసువాళ్లు జీపులో వస్తున్నారని, రోడ్డు మీదినుంచే కనబడేలా మూలలు గుర్తు పెట్టించమని అన్నాడు. సున్నంతో పెట్టిన గుర్తులు ముందురోజు వానకు కొట్టుకుపోయాయి. నాకో ఉపాయం తట్టింది. అద్దకం కార్ఖానాకు పోయి, రంగు ఎక్కువై పక్కన పడేసిన గుడ్డ అడిగి తెచ్చాను. మంచి ఎరుపు. పన్నెండు ముక్కలు చింపి, పన్నెండు వెదురు కర్రలకు కట్టాను.

చైన్‌మన్ ఆ కట్టను చూసి కదలకుండా నిలబడ్డాడు.

"సారూ, ఎర్రయి వద్దు."

"ఎందుకు? దూరానికి మంచిగా కనబడతాయి."

"గందుకే వద్దంటున్న."

"సర్వే జెండా ఎక్కడైనా ఎర్రగానే ఉంటుంది. పుస్తకంలో రాసుంది. ఇంజనీరు నువ్వా, నేనా?"

నా నోటి దురుసు అప్పట్లో అలాంటిది. అతను కట్ట భుజానికెత్తుకున్నాడు. పొద్దుగూకే వేళకు పన్నెండు మూలల్లో పన్నెండు జెండాలు పాతాం. రోడ్డెక్కి వెనక్కి చూస్తే గాలికి వరసగా ఆడుతున్నాయి. ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కాలంలో మా వైపు ఏ భూమిలోనైనా ఎర్రజెండా కనబడిందంటే ఒకటే అర్థం. అన్నలు దాన్ని దొర దగ్గరనుంచి గుంజుకున్నారని, బీదలకు పంచారని. అది మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కాని నా కళ్లకు ఆ భూమి దొరదిగా కనబడలేదు, ఎవరిదిగానూ కనబడలేదు. వాలుగా మాత్రమే కనబడింది. అంతగా పిచ్చెక్కి ఉన్నాను.

మర్నాడు పొద్దున సైకిలు మీద పోయేసరికి భూమినిండా మనుషులు. తుమ్మ చెట్లు సగం నేల మీదున్నాయి. నాలుగు నాగళ్లు నడుస్తున్నాయి. జెండా జెండాకూ కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాశారు. నా ఆరు కుంటలూ ఆరు ముక్కలయ్యాయి. ముక్కకు రెండిళ్ల చొప్పున పన్నెండిళ్లవాళ్లూ దిగారు. గట్లు కూడా జెండాకూ జెండాకూ మధ్య తాడు పట్టి, ప్లానులో నేను గీసిన గీతల మీదే వేస్తున్నారు. మొదటి ముక్కలో సీసా అక్క, నడుముకు కొంగు చుట్టి గొడ్డలితో తుమ్మ మొదలు నరుకుతోంది. నన్ను చూసి ముఖమంతా నవ్వింది.

"సారూ! అన్నలు అచ్చి జెండలు పాతిండ్రు! మాకు పంచిండ్రు!"

అన్నల పేరు మీద దొంగ జెండాలు పాతినవాణ్ని అన్నలు ఏం చేస్తారు? అన్నల జెండాలు పాతినవాణ్ని పోలీసులు ఏం చేస్తారు? ఎటుపోయినా నేనే. ఆ భయానికి తోడు కోపం కూడా వచ్చింది. నా ప్లాను, నా వాలు, నా నెలాఖరు!

"అక్కా, అవి అన్నలవి కావు. నేను పాతినవి. మురుగు కుంటల కోసం."

"నువ్వు పాతుడేంది సారూ?"

"నేనే! నిన్న సాయంత్రం! నేనే పాతాను!"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గట్ల ఒర్రకు సారూ. పోలీసోళ్లింటె నీకే ముప్పు. అన్నలే పాతిండ్రు."

నాగళ్లు ఆగాయి. అందరూ నావైపే చూస్తున్నారు. అప్పుడే వచ్చిన చైన్‌మన్‌ను చెయ్యి పట్టి లాగాను. "నువ్వన్నా చెప్పు! ఎవరు పాతారు?"

అతను ఆకాశం వైపు చూశాడు. "నాకేం తెల్వది సారూ. నేను పొద్దుగూకక ముందే ఇంటికి వోయిన."

పళ్లు కొరుక్కున్నాను. నేనే పీకేస్తానని మొదటి జెండా దగ్గరికి పోయాను. సీసా అక్క అడ్డం రాలేదు. "జెండ పాతినంక ఎవ్వలు ముట్టరు సారూ. పాతినోళ్లే పీకాలె" అని మాత్రం అంది. మా వైపు అది కట్టుబాటు. దొర ముట్టడు, కూలివాడు ముట్టడు, ఆ పక్కనుంచి పోయే గొర్లకాపరి కూడా ముట్టడు. పాతింది నేనే కదా, నేను పీకొచ్చు. కర్ర మీద చెయ్యి వేశాను. పసుపు తడి చేతికంటింది. ఆ ముక్కలో అప్పటికే రెండు సాళ్లు దున్ని ఉన్నారు, మట్టి నల్లగా పైకి తేలింది. అటుపక్క ఒక ముసలామె వంగి గడ్డి వేర్లు ఏరుతూ, నన్ను చూడటం కూడా దండగ అన్నట్టు తన పని తాను చేసుకుంటోంది. నేను పీకలేకపోయాను. చెయ్యి తీసేసి సైకిలెక్కాను.

ఇంజనీరు సారుకు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఫైలు మూసి, చాలాసేపు దగ్గుతో కలిపి నవ్వాడు.

"రేపు రావొద్దని పైవాళ్లకు చెప్త. ఆ భూమి ప్లానుల నుంచి తీసెయ్యి."

"సార్, అంత వాలు ఇంకెక్కడా లేదు!"

"జెండ వడ్డ భూమి మీద ఫైలు నడువదు పిలగా. ఉన్న రెండు కుంటలల్ల ఏమైతదో సూడు."

"అంత చిన్న జాగలో నీళ్లు నిలవవు సార్. వచ్చినట్టే పోతాయి."

"నిలువకుంటె నడిపియ్యి" అని సాసర్ ఎత్తుకున్నాడు.

ముసలాయనకు మతి పోయిందనుకుని అలిగి కోరుట్ల పోయాను. నెలాఖరుకు తొమ్మిది రోజులుంది. మా ఇంటి ముందు సందులో మా బాపు పడుగు పోస్తున్నాడు. మగ్గానికెక్కించే ముందు నిలువు పోగులను వరసగా సాగదీయాలి. సందు చిన్నది, పోగు పొడుగుది. అందుకని గుంజలు పాతి, నూలును ఈ గుంజ చుట్టూ తిప్పి ఆ గుంజకు, ఆ గుంజ చుట్టూ తిప్పి ఈ గుంజకు అటూ ఇటూ నడుస్తూ పోస్తారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అరుగు మీద కూర్చుని పళ్లెంలో అన్నం కలుపుకుంటూ చూస్తున్నాను.

"బాపూ, గీ పడుగు మొత్తం విప్పితె ఎంత పొడుగుంటది?"

"బస్టాండు దాక వోతది."

"మరి గీ సందుల ఎట్ల పట్టింది?"

"తిప్పుకుంట వోతె పట్టదా? సక్కగ వోతెనే ఊరు దాటాలె."

కలిపిన అన్నం కలిపినట్టే వదిలేశాను. నిలవకపోతే నడిపించు! కుంటలో అడ్డగోడలు కట్టాలి. మొదటి గోడకు కుడి కొసన సందు, రెండో గోడకు ఎడమ కొసన, మూడోదానికి మళ్లీ కుడి కొసన. నీళ్లు తిన్నగా పోలేవు. గోడ గోడకూ తిరుగుతూ, పోగు తిరిగినట్టే తిరుగుతూ పోవాలి. ఉన్న జాగలోనే దారి ఐదింతలవుతుంది. ఎంగిలి చేత్తోనే పెన్సిలు పట్టుకుని క్యాలెండరు వెనకవైపు గీశాను. అంతటితో ఆగలేక వాకిట్లో మట్టి తవ్వి బుల్లి కుంట చేసి, పెంకులతో అడ్డగోడలు పెట్టి, బిందెతో నీళ్లు పోసి ఊక చల్లాను. ఊక మెల్లగా, ముద్దుగా, మలుపు మలుపూ తిరుగుతూ పోయింది. బాపు కూడా పడుగు వదిలేసి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"మూడో కాడ ఆగుతున్నది సూడు. గా సందు పెద్దగ జెయ్యి" అన్నాడు. నిజమే. పెద్దది చేశాను.

"వాకిలంత ఆగం జేస్తిరి గద" అని అమ్మ మొత్తుకుంది. ఆ రోజు నాకు పట్టిన సంతోషం ఇప్పటికీ ఇంకో పనిలో దొరకలేదు.

సిరిసిల్లకు తిరిగొచ్చి పాత కుంటల లోపలి కొలతలు తీసుకుంటుంటే పోలీసు జీపు వచ్చింది. దొర పట్నంనుంచి చెప్పించాడట. జీపు ఆ భూమి చుట్టూ రెండుసార్లు తిరిగింది. జెండాల దగ్గరికి మాత్రం ఒక్కరూ పోలేదు. కింద ఏం పాతిపెట్టారో ఎవరికి తెలుసని వాళ్ల భయం. కింద, కర్ర కుదురుకోడానికి వేసిన నా సున్నపు ముద్ద తప్ప ఏమీ లేదని నాకొక్కడికే తెలుసు. వాడలో ఎవరిని అడిగినా 'అన్నలు' అన్నారు. ఇన్‌స్పెక్టరు నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు రోజూ ఈడనే ఉంటవట గద. జెండలు పాతినప్పుడు ఎవలనన్న సూసినవా?"

పది అడుగుల దూరంలో చైన్‌మన్ గొలుసు చుడుతున్నాడు. అవతలి గట్టు మీద సీసా అక్క పార పట్టుకుని నిలబడింది. నిజం చెబితే సాయంత్రానికల్లా ఆ జెండాలు పీకేస్తారు, ఆ పన్నెండిళ్లవాళ్లు భూమి వదిలి మళ్లీ అరుగుల మీద బీడీలకే పోతారు. నా ఉద్యోగం ఏమవుతుందో అది వేరే లెక్క.

"లేదు సార్. నేను పొద్దుగూకక ముందే ఇంటికి పోయాను" అన్నాను.

చైన్‌మన్ గొలుసు చుట్టడం ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. జీపు వెళ్లిపోయింది. ఆ సంగతి అన్నల చెవిన ఎట్లా పడిందో, వాళ్లేమనుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. చాలా రోజులు వెనక సైకిలు చప్పుడైతే మాత్రం ఉలిక్కిపడేవాణ్ని.

మిగిలిన వారం రోజులూ బల్ల మీదే. రెండు కుంటల్లో నాలుగేసి అడ్డగోడలు. మోరీ మొదట్లో చెత్తను ఆపే ఇనుప జాలి. అద్దకం నీళ్లకు వేరే తొట్టి. అక్కడ సున్నం కలిపి, రంగు అడుగుకు దిగాకే మోరీలోకి వదలాలి. బావి పక్కనుంచి పోయే కాలువకు అటూ ఇటూ రాతి కట్టడం. ఆ కట్టడం చూపించడానికి వాడకు పోతే సీసా అక్క కాగితం మీద వేలు పెట్టి అడిగింది.

"గీ మంచిగైన నీళ్లు ఏడికి వోతయి?"

"మానేరుకు."

"మా భూములు నడుమల ఉన్నయి గద. గాటికి ఓ తూము పెడితె మీ మానేరుకేమన్న తక్కువైతదా?"

తూము పెట్టాను. బయటికి పోయే కాలువకు పక్కన చిన్న దారి, దానికో పలక.

నెలాఖరు ముందురోజు జగిత్యాలలో పై ఆఫీసరు ముందు కాగితాలు పరిచాను. ఆయన అన్నీ తిప్పి చూసి ఒక చోట ఆగాడు.

"భూమి ఎంత కావాలె?"

"అక్కర్లేదు సార్."

"జరంత గూడ?"

"అసలే అక్కర్లేదు సార్. ఉన్నదాంట్లోనే."

అడ్డగోడల బొమ్మను దగ్గరికి లాక్కున్నాడు. వేలితో మలుపులన్నీ తిరిగి చివరికి వచ్చాడు. మళ్లీ మొదటినుంచి తిరిగాడు. "గా దిక్కు నుంచి భూమి అడుగని ఫైలు నేను సూసుడు ఇదే మొదలు" అని సంతకం పెట్టాడు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేక సిరిసిల్ల దాకా నిలబడే వచ్చాను. మా ఇంజనీరు సారు ఆ కాగితం చూసి తన సాసర్‌లో చాయ్ పోసి నాకిచ్చాడు, తాను కప్పుతో తాగాడు. రిటైరయ్యే ముందు ఆయన పంపిన ఆఖరి ప్లాను అది.

మరుసటి ఎండాకాలంలో పని పూర్తయింది. కొత్త గోడల మధ్య నీళ్లు వదిలిన రోజున నేను గట్టు మీద పరుగెడుతూ మలుపు మలుపునా వాటితో పాటు తిరిగాను. చొక్కా తడిసింది, ఒక చెప్పు బురదలో పోయింది. చివరి మలుపు దాటి కాలువలో పడ్డ నీళ్లకు రంగు లేదు. వాసన కొంచెం ఉంది, అబద్ధమెందుకు! కాని రంగు లేదు. వాడ బావిని తోడి కడిగి అప్పటికి పది రోజులు. ఊరిన నీళ్లు తెల్లగానే ఉన్నాయి.

తూము పలక ఎత్తడానికి సీసా అక్కను పిలిచాను. ఎత్తింది. నీళ్లు ఆరు ముక్కల వైపు కదిలాయి. ఆమె పారతో గట్టు సర్దుతూ, తల ఎత్తకుండానే అంది.

"సారూ, ఓ మాట చెప్త, కోపానికి రావొద్దు. జెండలు నువ్వు పాతినవని మాకు తెల్వదనుకున్నవా?"

నేను తూము దాటి ఆమె దగ్గరికి పోయాను.

"మా ఇండ్ల ముంగటనే పాతితివి గద. పన్నెండిండ్లోళ్లం అరుగుల మీద కూసొని బీడీలు జేసుకుంట సూసినం. రెండోది వంకర పాతినవని మా అత్త ఒకటే నవ్వుడు."

"మరి నేనే పాతానని అరిచి చెప్పినా అన్నలు అన్నలు అంటిరి?"

"నువ్వు పాతినవంటె నువ్వే పీకుతవు. అన్నలు పాతిండ్రంటె ఎవలు పీకుతరు?"

వాళ్లు పొరబడ్డారని, పాపం అమాయకులని ఏడాది పాటు జాలి పడుతూ తిరిగింది నేను. నా ముఖం చూసి ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వు తగ్గాక, పారను గట్టు మీద నిలబెట్టి భూమి వైపు చూసింది.

"గీ భూమి దిక్కు సూసుకుంట పుట్టెడు బీడీలు చుట్టినం సారూ. ఎవలన్న అచ్చి జెండ పాతుతరేమో, పాతుతరేమో అని. అన్నలు గూడ ఇటు రాలె. నువ్వచ్చినవు."

అవతల మూడో ముక్కలో గట్టు తెగిందని ఎవరో కేక వేశారు. ఆమె పార అందుకుని అటు ఉరికింది. ఉన్న ఒక్క చెప్పూ విడిచేసి నేనూ వెనకే పోయాను.